కాలిపోయిన పుస్తకంలో గంట

ఇందులో రాసిన ప్రతి అక్షరమూ నిజం. నా మాట మామూలుగా ఎవరూ నమ్మరు కాబట్టి నా ఖతార్ డ్రైవింగ్ లైసెన్సు మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఒక్క ముక్క కల్పితమైనా, దుఖాన్ రోడ్డు మీది కెమెరాలన్నీ రేపు పొద్దున్నే నా బండిని చూసి ఒకేసారి కన్ను కొట్టుగాక. నా కళ్ళజోడు మీద ఒట్టు, నా మోకాళ్ళ మీద ఒట్టు. ఈ వయసులో నాకున్న ఆస్తి అంతకంటే లేదు.

నేను దుఖాన్‌లో కంపెనీ క్వార్టర్సులో ఉండే ఒక తెలుగు కుటుంబానికి డ్రైవర్ని. సారుది బందరు వైపు, నూనె బావుల దగ్గర ఇంజనీరు. నాది రాయచోటి పక్కన పల్లె. ఇంట్లో సారు, అమ్మగారు, పదిహేడేళ్ళ పాప. ప్రతి శనివారం పొద్దున ఆ పాపను రాజధాని చివర మెసైమీర్‌లో ఉండే ఒక రష్యన్ టీచరమ్మ దగ్గరికి పియానో పాఠానికి తీసుకువెళ్ళడం నా డ్యూటీ. గంటకు పైగా ప్రయాణం. ఆ రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. దారిలో భయపడాల్సింది ఏమీ లేదు, అడ్డం వచ్చే ఒంటె తప్ప. అలాంటి రోడ్డు మీద భయపడ్డాను. ఒకసారి కాదు, ఆ చలికాలమంతా.

నన్ను భయపెట్టింది ఒక సంగీతం. పోయిన శతాబ్దంలో ఒక రష్యా ఆయన రాసిన పియానో కన్సర్టో. కన్సర్టో అంటే ఒక పక్క ఒక్క పియానో, ఇంకో పక్క ఆర్కెస్ట్రా మొత్తం. ఒకళ్ళు ఒకవైపు, ఊరంతా ఇంకోవైపు అన్నమాట. పాప దాన్నే నేర్చుకుంటోంది. క్వార్టర్స్ గేటు దాటగానే ఫోను నా బండి స్పీకర్లకు తగిలించి మొదటినుంచీ పెట్టేది. అరగంట పైచిలుకు. అయిపోతే మళ్ళీ మొదటినుంచీ.

మొదటిసారి విన్న పొద్దున పొగమంచు. ఎడారిలో పొగమంచేమిటని మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. జనవరిలో వచ్చి చూడమనండి. ఆ రోజు ఎంత చిక్కగా ఉందంటే, వైపర్ వేస్తే అది మంచుని పక్కకు నెట్టడానికి మూలిగింది. అందులోంచి ఆ సంగీతం మొదలైంది.

మొదలు చాలా మర్యాదగా ఉంటుంది. వాయులీనాల తీగెల్ని వేళ్ళతో మీటుతారు, పొడిపొడిగా, ఎవరో మునివేళ్ళ మీద నడిచొస్తున్నట్టు. తర్వాత పియానో అందుకుంటుంది. ఆ చోట నొటేషన్ పుస్తకంలో ‘కథ చెబుతున్నట్టు’ అని రాసి ఉంటుందట. పాప ఆ మాట చెప్పగానే నేను ముచ్చటపడ్డాను, ఎవరో మనవాడే అని. ఐదు నిమిషాలు తిరక్కుండానే తెలిసింది, ఈయన అలాంటి కథకుడు కాడు. కథ మధ్యలో లేచి వెళ్ళి తలుపుకి లోపలి గడియ పెట్టి వచ్చే రకం.

జిక్రీత్ మలుపు దగ్గరికొచ్చేసరికి ఆర్కెస్ట్రా నోరు మూసుకుంది. పియానో ఒక్కటే మిగిలింది. తను చెప్పిన కథనే మళ్ళీ తనలో తను చెప్పుకోవడం మొదలుపెట్టింది, మెల్లిగా. తర్వాత ఎదుటివాడు నమ్మనట్టు కొంచెం గట్టిగా. తర్వాత ఇంకా గట్టిగా. ఇక ఇంతకంటే పెద్ద చప్పుడు రెండు చేతులకు సాధ్యం కాదనుకున్న చోట అంతకు రెట్టింపు. నాలుగైదు నిమిషాలు అలాగే పెరిగింది. అద్దం బయట తెల్లటి గోడ, లోపల ఈ మోత. అప్పుడు, ఇక భరించలేననుకున్న క్షణంలో, బాకాలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. అవి వాయించింది ఏమిటో తెలుసా? మొదట్లో మునివేళ్ళ మీద వచ్చిన ఆ మర్యాదస్తుడి పాటే. ఇప్పుడు ఇనప బూట్లు వేసుకొచ్చాడు.

నేను బండి రోడ్డు పక్కకు తీసి ఆపేశాను.

“ఏమైంది బాబాయ్?” అంది పాప వెనక సీట్లోంచి.

“పాపా, ఎవరన్నా చచ్చిపోయినారా ఇందులో?”

“రాసినాయన స్నేహితుడట. ఆయనకే అంకితం ఇచ్చాడు.”

“సచ్చినోడు మన బండ్లోకే ఎక్కినట్లుండాడే.”

పాప నవ్వింది. నేను నవ్వలేదు. వెనక సీట్లో తన పక్కన ఖాళీగా ఉన్న చోటును అద్దంలోంచి ఒకసారి చూసి బండి తీశాను.

రెండో భాగం ఇంకో రకం భయం. చిన్నది, రెండున్నర నిమిషాలు. రెండు చేతులూ ఒకే స్వరాల్ని, ఒకటి పై స్థాయిలో ఒకటి కింది స్థాయిలో, పక్కపక్కనే పట్టుకుని పరిగెత్తుతాయి. మొదటినుంచి చివరిదాకా ఒక్క విరామం ఉండదు. ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఎవరు తరుముతున్నారో కనపడదు, పరుగు మాత్రం వినపడుతుంది. అది వినేటప్పుడు నా కాలు నా మాట వినేది కాదు. ఆక్సిలరేటర్ మీద దానంతటది దిగేది. ఈ దేశంలో బండ్లకు ఒక అలవాటుంది, నూట ఇరవై తాకగానే లోపల గంట కొడతాయి. టింగ్. టింగ్. ఆ గంట మోగకూడదన్నది సారు పెట్టిన ఏకైక కట్టడి. మోగగానే నేను కాలు తీసేవాణ్ణి.

“నాన్నకు చెప్పన్లే బాబాయ్,” అనేది పాప.

మూడో భాగం బరువైన అడుగులు, తోలు తప్పెటలు. నాలుగోదాంట్లో కొట్లాట. ఆ కొట్లాట మధ్యలో ఉన్నట్టుండి ఒక జోలపాట వస్తుంది. ఒంటెల పందేలు జరిగే షహానియా దగ్గర ఒంటెలు వరసగా పోతుంటే వినపడేది. అంత మోత తర్వాత అంత చల్లగా జోకొట్టే గొంతుని ఎలా నమ్మడం? నాకు అన్నిటికంటే అక్కడే భయమేసేది.

పాపకు ఆ కన్సర్టో మీద ఒక ఆశ ఉంది. రాజధానిలో ఒక పెద్ద ఆర్కెస్ట్రా ఏటా పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్లో ఒక్కరినే ఎంచుకుని తమతో కలిపి వాయింపజేస్తుంది. పాపకు ఇదే ఆఖరి ఏడు. పైగా సారు కాంట్రాక్టు వేసవికి అయిపోతుంది. తిరిగి వెళ్ళాక పియానో ఎక్కడ, ఆర్కెస్ట్రా ఎక్కడ? అంచేత ఇప్పుడు వాయిస్తే వాయించినట్టు, లేకపోతే ఈ జన్మకు ఆ పాటని వెనక సీట్లో కూర్చుని వినడమే.

పరీక్షకు ఆర్కెస్ట్రా రాదు. దాని వంతు రెండో పియానో మీద టీచరమ్మ వాయిస్తుంది. పాప తన భాగం పుస్తకం చూడకుండా వాయించాలి. టీచరమ్మ మాత్రం పుస్తకం చూసి వాయిస్తుంది, ఆమె చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి పక్కన కూర్చుని పేజీలు తిప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ పని అమ్మగారిది. చిన్నప్పటినుంచీ కూతురి పక్కన కూర్చుని ఆమెకూ నొటేషన్ చదవడం వచ్చేసింది. పరీక్ష పదిహేను రోజులుందనగా అమ్మగారు వంటింట్లో జారిపడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది.

పేజీ తిప్పేది ఎడమ చేత్తోనే.

“టీచరమ్మ శిష్యుల్లో ఎవరినైనా అడగండి,” అన్నారు సారు.

“వాళ్ళందరూ అదే పరీక్షకు వెళ్ళేవాళ్ళండీ. మన పిల్ల వాయిస్తుంటే పేజీ సరిగ్గా తిప్పుతారా?” అన్నారు అమ్మగారు.

ఇల్లంతా నిశ్శబ్దం. పాప కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. టీ కప్పులు తీసుకుపోవడానికి వచ్చిన నేను ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేకపోయాను. నాకు నిశ్శబ్దం పడదు. దాన్నిండా ఏదో ఒకటి పోసేదాకా ప్రాణం ఒప్పదు.

“నేను తిప్పుతా లేమ్మా,” అన్నాను.

“నువ్వా? నీకు నొటేషన్ వచ్చా?”

“ఏమట్ల అడుగుతారు? మా ఊరి నాటకాల్లో ఇరవై ఏండ్లు హార్మోనియం వాయించినా. తెల్లకాయితం మీద నల్లచుక్కలే గదా!”

“కోతలు కోయకయ్యా. ఇది నవ్వులాట కాదు.”

“అమ్మ తోడు, నవ్వులాటకు చెప్పడంల్యా.”

నిజమేమిటంటే నాటకాల్లో నేను హార్మోనియం పెట్టెని తాకింది బండి ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ మాత్రమే. నా పని తెర లాగడం. పద్యం ముగించి నటుడు రాగం తీస్తాడు, అది ఎంతసేపు సాగుతుందో దేవుడికి కూడా తెలియదు. ఆ రాగం దిగి, హార్మోనియం ఆయన చెయ్యి చివరి స్వరం మీద పడిన క్షణంలో తాడు వదలాలి. ముందు వదిలితే జనం తిడతారు, ఆలస్యమైతే నటుడు తిడతాడు. ఆ ఒక్క విద్యలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేదు. పేజీ తిప్పడం కూడా అలాంటిదే కదా అనుకున్నాను. చెవితో విని, చేత్తో లాగడం.

ఆ శనివారం మెసైమీర్‌లో టీచరమ్మ ముందు కూర్చున్నాను. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మందపాటి కళ్ళద్దాలు. చాలా ఏళ్ళుగా ఇక్కడే ఉంది. ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ మూడూ కలిపి ఒక భాష చేసుకుంది, అది డ్రైవర్లందరికీ అర్థమవుతుంది. నేనిక్కడ తెలుగులో పెడుతున్నాను. పాప నా హార్మోనియం గొప్పలు చెప్పి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. టీచరమ్మ పుస్తకం తీసి నా ముందు పెట్టింది.

“యల్లా సదీక్. ఈ పేజీ ఎలా ఉంది?”

యల్లా అంటే కానీ, పద అని. సదీక్ అంటే ఇక్కడ స్నేహితుడు. నేను పుస్తకాన్ని కిందినుంచి పైదాకా చూసి తల ఊపాను.

“మంచి పేజీ మేడమ్. కొంచెం కష్టం. కానీ మాఫీ ముష్కిల్, ఇబ్బందేం లేదు.”

ఆవిడ పుస్తకాన్ని తిప్పి నిలబెట్టింది. అప్పటిదాకా అది తలకిందులుగా ఉంది.

నేను లోపలి తలుపు వైపు చూశాను. ఇప్పుడు పాప వస్తుంది, ఈవిడ చెబుతుంది, సారుకు తెలుస్తుంది. అబద్ధం చెప్పిన డ్రైవరును పిల్లని ఇచ్చి రోడ్డు మీదికి ఎవరు పంపుతారు? ఊరికి పంపేస్తారు.

టీచరమ్మ గొంతు తగ్గించింది.

“ఈ పుస్తకం కథ తెలుసా? ఆయన మొదట రాసిన ప్రతి మొత్తం మంటల్లో పోయింది. విప్లవం రోజుల్లో. ఏళ్ళ తర్వాత కూర్చుని మళ్ళీ అంతా గుర్తు తెచ్చుకుని రాశాడు. ఏం మారిందో, ఏం మర్చిపోయాడో ఎవరికీ తెలియదు. మొదటిది ఇక లేదుగా. ఆయన అంతా గుర్తు తెచ్చుకున్నాడు సదీక్, నువ్వు పేజీలు గుర్తుపెట్టుకోలేవా?”

పాప వచ్చేసరికి ఆవిడ మామూలుగా కూర్చుంది. “మీ బాబాయ్ బాగా చదువుతాడు,” అంది. ఆ దయ నన్ను తిట్టుకంటే ఎక్కువ భయపెట్టింది.

ఇక మొదలైంది నా చదువు. శనివారాలు చాలవని పాఠాలు రోజు విడిచి రోజు అయ్యాయి. పాప వెనక సీట్లో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పేజీ తిరగాల్సిన చోటల్లా “పేజీ” అనేది. నేను మొదట్లో రోడ్డుతో గుర్తుపెట్టుకున్నాను. ఊరి చివరి రౌండబౌట్, మొదటి పేజీ. జిక్రీత్ మలుపు, ఇంకోటి.

“అలా కాదు బాబాయ్. హాల్లో రోడ్డు ఉండదు. పాటతోనే గుర్తుపెట్టుకో.”

ఆ మాటలో నిజం ఉంది. రోడ్డుని మర్చిపోయి చెవి అప్పజెప్పాను. ఇక్కడ బాకా, అక్కడ తప్పెట, ఇదిగో ఇక్కడ పియానో కిందికి జారిపోయే చోటు. టీచరమ్మ ఇంట్లో అవే చోట్లు రెండో పియానో మీద ఎలా వినపడతాయో పట్టుకున్నాను. అక్కడ కూడా పాప వాయిస్తూనే “పేజీ” అని అరిచేది, బండిలో అలవాటైపోయింది.

పరీక్ష వారం రోజులుందనగా కబురు వచ్చింది. న్యాయనిర్ణేతలు తెర వెనక కూర్చుంటారు. వాయించేది ఎవరో, ఏ దేశం పిల్లో వాళ్ళకు తెలియకూడదు. ఒక నంబరు మాత్రమే. వేదిక మీద ఎవరూ నోరు తెరవకూడదు, తెరిస్తే ఆ నంబరు కొట్టేస్తారు. మధ్యలో ఆగినా అంతే.

“ఇంక నేను పేజీ అనకూడదు బాబాయ్,” అంది పాప.

“మేడమ్ తల ఊపమను పాపా.”

టీచరమ్మను అడిగాం. ఊపుతానంది. ఊపింది కూడా. అయితే రెండో భాగంలో, ఆ పరుగు భాగంలో, ఆవిడ తల ప్రతి దెబ్బకూ ఊగుతుంది. అందులో ఏది తాళం, ఏది పేజీ?

“అది నా చేతిలో లేదు సదీక్. నేను తల ఆపితే చేతులు ఆగుతాయి,” అంది.

పాప వేళ్ళు అలిసిపోకూడదని ఆ తర్వాత టీచరమ్మ పరుగు భాగాన్ని తన ఇంట్లో మళ్ళీ వాయించనివ్వలేదు, ఇక దాని సాధనంతా బండిలోనే. ఆ వారమంతా బండిలో మాటల్లేవు. పాట పెట్టేవాళ్ళం. పేజీ వచ్చిన చోట నేను ఎడమచెయ్యి స్టీరింగ్ మీంచి ఎత్తి గాల్లో ఒక పేజీ తిప్పేవాణ్ణి. అద్దంలో పాప ముఖం చూసేవాణ్ణి. సరిగ్గా తిప్పితే కళ్ళు మూసి తెరిచేది. పరుగు భాగంలో మూడుసార్లు తిప్పాలి. మొదటిది బాకా దగ్గర, రెండోది తప్పెట దగ్గర. మూడో చోట పట్టుకోవడానికి గుర్తు ఏమీ లేదు, అంతా ఒకటే పరుగు. అయినా నా చెయ్యి తప్పేది కాదు. ఒక్కసారి కూడా. ఎలాగో నాకే తెలియదు, సరిగ్గా సమయానికి లేచేది.

“బాబాయ్, నీకు నిజంగానే సంగీతం వచ్చు,” అంది పాప.

పరీక్షనాడు మళ్ళీ పొగమంచు. ఆ రోజు పాట పెట్టలేదు. పాప ఒళ్ళో చేతులు పెట్టుకుని వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లాగుకుంటూ కూర్చుంది. ముందు సీట్లో అమ్మగారు, కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని. నేను తొంభై దాటలేదు.

హాల్లో వేదిక మీద మందపాటి తివాచీ పరిచారు, అడుగుల చప్పుడు కూడా వినపడకూడదని. చేతిలో కాగితాలున్న ఒక మనిషి అమ్మగారిని బయటి గదిలో కూర్చోబెట్టి, వేలు పెదాల మీద పెట్టి మా ముగ్గుర్ని నడిపించాడు. వేదిక ముందు పైనుంచి కిందిదాకా నల్లటి తెర. దాని వెనక ఎవరో కాగితం తిప్పారు. ఒక చప్పుడు, అంతే. నా జీవితంలో సగం తెర తాడు పట్టుకుని గడిపాను, ఏ తెరా నన్ను భయపెట్టలేదు. దీనికి తాడు లేదు. అవతల ఎంతమంది ఉన్నారో తెలియదు. వాళ్ళు ఊపిరి బిగబట్టి వింటున్నారన్నది మాత్రం తెలుస్తోంది.

మొదటి భాగం బాగా జరిగింది. పియానో ఒంటరిగా మిగిలిపోయే చోట ఆ పిల్లని పక్కనుంచి చూశాను. అంత సన్నటి చేతుల్లోంచి అంత మోత ఎలా వస్తోంది? ముఖంలో రక్తం లేదు. జుట్టు చెంపకు అంటుకుపోయింది. తనే ఆ కథ చెబుతోందో, కథే తనని పట్టుకుందో తెలియలేదు. సరిగ్గా సమయానికి టీచరమ్మ రెండు చేతులతో మీద పడింది, ఇనప బూట్లు వచ్చాయి, నేను పేజీ తిప్పాను.

తర్వాత పరుగు. మొదటి పేజీ, సరే. రెండోది, సరే. నేను లేచి నిలబడి, పుస్తకం పై మూల వేళ్ళ మధ్య పట్టుకుని మూడోదాని కోసం ఆగాను.

రావలసింది రాలేదు.

ఏం రావాలో నాకు తెలియదు. చెయ్యి లేవడం లేదు. పాప వేళ్ళు పరిగెత్తుతున్నాయి, టీచరమ్మ తల ఊగుతోంది, నల్లచుక్కలు చీమల్లా ఉన్నాయి, నా చెయ్యి మాత్రం పుస్తకానికి మేకు కొట్టినట్టు ఉండిపోయింది. బండిలో ఇక్కడ చెయ్యి దానంతటదే లేచేది కదా. దేన్ని విని లేచేది? ఏం విని?

అప్పుడు తెలిసింది. గంట. నా బండి గంట. ఇన్నాళ్ళూ ఈ పరుగు వినగానే నా కాలు దిగింది, ఈ చోటికే నూట ఇరవై అయింది, టింగ్ అంది, చెయ్యి లేచింది. నేను పాటని నేర్చుకోలేదు. నా బండిని నేర్చుకున్నాను. ఈ హాల్లో బండి లేదు.

టీచరమ్మ కళ్ళు పేజీ అడుగుకు చేరిపోయాయి. ఇంకో రెండు క్షణాల్లో ఆవిడ చేతులు ఆగుతాయి. ఆవిడ ఆగితే పాప ఆగుతుంది. పాప ఆగితే అయిపోయింది. వేసవికి సామాన్లు కట్టుకుని వెళ్ళిపోతారు. జీవితాంతం ఆ పిల్ల నన్ను తలుచుకుంటుంది.

ఆ క్షణంలో పాప, రెండు చేతులూ పరుగులో ఉండగానే, ముఖం నావైపు తిప్పింది. గొంతు కదల్లేదు. పెదాలు మాత్రం కదిలాయి. టింగ్.

నా చెయ్యి లేచింది. పేజీ తిరిగింది.

మిగతాది నాకు సరిగ్గా గుర్తు లేదు. బరువైన అడుగులు, కొట్లాట, జోలపాట. ఆ ఒక్కసారే జోలపాట నన్ను భయపెట్టలేదు. చివరి దెబ్బ పడ్డాక తెర వెనక ఎవరో దగ్గారు. అంతే. అక్కడ చప్పట్లు ఉండవు.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. పాపనే ఎంచుకున్నారు. అమ్మగారు కట్టు ఉన్న చేత్తోనే కూతుర్ని పట్టుకుని ఏడ్చారు. సారు నా భుజం తట్టి, “హార్మోనియం నేర్చుకున్న చెయ్యి ఊరికే పోదయ్యా,” అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆయన దాన్ని వినయం అనుకున్నారు.

ఇక్కడ ఆపేస్తే అందరికీ బాగుంటుంది. లైసెన్సు మీద చెయ్యి పెట్టి ఉండకపోతే ఆపేసేవాణ్ణే.

పాప నావైపు తిరగలేదు. పెదాలు కదపలేదు. ఆ పరుగులో ముఖం తిప్పితే వేళ్ళు తప్పుతాయి, ఎవరూ తిప్పరు. ఆ పిల్లకు నేను అక్కడ చచ్చిపోతున్నానన్న సంగతే తెలియదు. ఆ ముక్క నేను కల్పించాను.

టింగ్ అన్నది నేను. నా నోటితో. పెదాలతో కాదు, గొంతుతో. ఆ చెయ్యి గంట వినకుండా లేవదని అర్థమైపోయింది. బండి లేదు. కాబట్టి నేనే బండినయ్యాను. నోరు తెరిస్తే నంబరు కొట్టేస్తారని తెలుసు. అది తెలిసీ అన్నాను. హాలు మంచిది, చీమ తుమ్మినా వెనక వరసదాకా వినపడుతుంది. నా టింగ్ తెరను తాకి అవతలికి వెళ్ళడం నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. తన పరుగు తప్ప ఇంకేమీ వినని పాపకు ఒక్కదానికే అది వినపడలేదు.

వాయింపు అయ్యాక పాపను పక్క గదిలోకి పంపేశారు. కాగితాల మనిషి తెర వెనక్కి వెళ్ళి, తిరిగి వచ్చి, టీచరమ్మ చెవి దగ్గర వంగాడు.

“రెండో భాగంలో గంట మోగింది. ఎవరు కొట్టారని అడుగుతున్నారు.”

నా మోకాళ్ళ మీద ఇందాక ఒట్టు వేశాను కదా, అవి అక్కడే వదిలేశాయి నన్ను. పియానో అంచు పట్టుకున్నాను. ఒప్పుకుందామని నోరు తెరిచాను. టీచరమ్మ నా కాలు తొక్కింది.

“ఈ రచన మొదటి ప్రతి కాలిపోయిందని వాళ్ళకు తెలుసుగా,” అంది, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. “అందులో ఈ చోట ఒక చిన్న గంట ఉండేదని మా గురువుగారికి వాళ్ళ గురువుగారు చెప్పారు. నేను దాన్ని తిరిగి పెట్టాను. లేదనేవాళ్ళు ఉంటే ఆ ప్రతి పట్టుకుని రమ్మనండి.”

ఆయన అదంతా రాసుకుని వెళ్ళాడు. తెర వెనక చాలాసేపు ఏమీ వినపడలేదు. నేను అంత పొడుగు నిశ్శబ్దాన్ని ఏమీ పోయకుండా భరించడం అదే మొదలు. తర్వాత ఎవరో ఒక్కరు నవ్వారు. కాగితాల మనిషి బయటికి వచ్చి, మీరు వెళ్ళవచ్చు అన్నట్టు చెయ్యి ఊపాడు.

మెట్లు దిగుతూ టీచరమ్మను అడిగాను, “మేడమ్, నిజంగా గంట ఉండేదా?”

“నీ హార్మోనియం ఎంత ఉండేదో అంతే ఉండేది సదీక్. యల్లా, బండి తీసుకురా.”

ఇంటికొచ్చిన ఉత్తరంలో చివర ఒక వాక్యం ఉంది, సారు చదివి వదిలేశారు కానీ పాప పట్టుకుంది. తమ ఆర్కెస్ట్రా దగ్గరున్న ప్రతిలో గంట లేదని, గంట లేకుండా వాయించడానికి అభ్యంతరం లేదనుకుంటామని. తర్వాతి శనివారం దుఖాన్ రోడ్డెక్కగానే అడిగింది.

“బాబాయ్, ఏం గంట?”

నేను పాట పెట్టలేదు. రోడ్డు ఖాళీగా ఉంది, మంచు లేదు. కాలు మెల్లగా దించాను. నూట పది. నూట పదిహేను. నూట ఇరవై. టింగ్ అంది. నా ఎడమచెయ్యి స్టీరింగ్ మీంచి లేచి, గాల్లో ఒక పేజీ తిప్పింది.

అద్దంలో పాప నన్ను చూసింది. చాలాసేపు చూసింది. అరచేత్తో నోరు మూసుకుంది. నవ్విందో ఏడ్చిందో అద్దంలో తెలియలేదు. అదీ నాకు కొంచెం భయంగానే ఉంది ఇప్పటికీ.

మిగతాదంతా నిజమే. సారు ఇది చదివితే మాత్రం, నూట ఇరవై కూడా నేను కల్పించిందే.